పాత ల్యాప్‌టాప్‌లకు కోర్‌బూట్: కొత్త రిలీజ్ వేశాక స్లీప్ నుంచి లేవట్లేదు, అసలు ఈ మెయింటెనెన్స్ ఎలా కొనసాగించాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. కాస్త పొడుగు ప్రశ్న, ఓపిగ్గా చదవండి.

నాలుగేళ్లుగా స్నేహితులవీ చుట్టాలవీ కలిపి తొమ్మిది పాత థింక్‌ప్యాడ్‌లకు కోర్‌బూట్ (కంపెనీ బయోస్ స్థానంలో పెట్టుకునే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్) బిల్డ్ చేయడం, వేయడం, తేడా వస్తే బాగుచేయడం అంతా నేనే చూసుకుంటున్నాను. ఆరు ఎక్స్230లు, రెండు టీ430లు, ఒక ఎక్స్200. అన్నిట్లోనూ పేలోడ్ (కోర్‌బూట్ తన పని ముగించాక నడిపే ప్రోగ్రాం, డిస్క్ నుంచి సిస్టమ్‌ని బూట్ చేసేది) సీబయోస్, పైన లినక్స్. మొదట నా ఒక్కదానికే వేసుకున్నాను, పవర్ బటన్ నొక్కగానే నడిచే మొట్టమొదటి కోడ్ ఏదో తెరిచి చదవగలగాలి అన్న కోరికతో. తర్వాత ఒకరిని చూసి ఒకరు అడిగారు, కాదనలేకపోయాను. ఇప్పుడు వీళ్లలో ఇద్దరు పిల్లలు వీటి మీదే పరీక్షలకు చదువుకుంటున్నారు, అందుకని ఏదైనా పాడైతే నాకు టెన్షన్.

ఇన్నాళ్లూ కోర్‌బూట్ 4.22 రిలీజ్ మీద ఉన్నాం. పోయిన వారం నా ఎక్స్230కి కొత్త రిలీజ్ 24.08 బిల్డ్ చేసి, ఫర్మ్‌వేర్ ఉండే ఫ్లాష్ చిప్‌కి క్లిప్ తగిలించి వేశాను. బూట్ బాగానే అవుతోంది, వైఫై, సౌండ్, బ్రైట్‌నెస్ కీలు అన్నీ పనిచేస్తున్నాయి. కానీ మూత మూసి స్లీప్‌లో పెట్టి, మళ్లీ తెరిస్తే లేవట్లేదు. చంద్రవంక లైటు ఆరిపోతుంది, ఫ్యాన్ ఒక్క క్షణం తిరుగుతుంది, తర్వాత మామూలు బూట్ లాగా మొదటి నుంచి మొదలవుతుంది. తెరిచి ఉంచిన పనంతా పోతుంది. పదిసార్లు చూస్తే పదిసార్లూ అంతే. ఇంకో రెండు ఎక్స్230లకు అదే ఇమేజ్ వేశాను, అవి మాత్రం చక్కగా లేస్తున్నాయి! మూడూ ఒకే మోడల్, ఒకే ఫైలు. ర్యామ్ కంపెనీలు వేరు, అంతే తేడా.

రెండో సంగతి. పాత బోర్డులను కోడ్‌లోంచి అప్పుడప్పుడు తీసేస్తారని విన్నాను. ఎక్స్230 కూడా ఒకరోజు పోతుందా? పోకుండా ఉండాలంటే నాలాంటివాడు చేయగలిగింది ఏమైనా ఉందా? నేను ప్రోగ్రామర్‌నే గానీ చిప్‌సెట్ లోపలి కోడ్ రాసేంత వాడిని కాదు.

మూడోది, ఈ తొమ్మిదింటినీ ప్రతి రిలీజ్‌కీ అప్‌డేట్ చేయడం అవసరమా, లేక పనిచేస్తున్నదాన్ని అలాగే వదిలేయాలా?

జవాబు 1

ముందు స్లీప్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు చెప్పిన లక్షణం చూస్తే నాకు ఒక అనుమానం వస్తోంది.

ఎక్స్230లో ఉన్నది ఇంటెల్ ఐవీ బ్రిడ్జ్ తరం ప్రాసెసర్. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ర్యామ్ వెంటనే పనికి రాదు, ఒక్కో మాడ్యూల్‌తో ఏ టైమింగ్‌లో మాట్లాడితే డేటా తప్పుల్లేకుండా వస్తుందో కోర్‌బూట్ ప్రయత్నించి చూసుకోవాలి. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. ఆ ట్రైనింగ్ ఫలితాన్ని ఫ్లాష్ చిప్‌లోనే చిన్న చోటులో, ఎమ్మార్సీ కాష్ అనే చోట, రాసిపెడుతుంది. తర్వాతి బూట్‌లో మాడ్యూళ్లు మారలేదని చూసుకుని అదే ఫలితం వాడుతుంది, అందుకే రెండో బూట్ నుంచి కాస్త చురుగ్గా ఉంటుంది.

స్లీప్‌కి వచ్చేసరికి ఆ కాష్ సౌకర్యం కోసం కాదు, అది లేకపోతే పని జరగదు. స్లీప్‌లో మీ పనంతా ర్యామ్‌లోనే ఉంటుంది, ర్యామ్ తనను తాను రిఫ్రెష్ చేసుకుంటూ ఉంటుంది. లేచేటప్పుడు మళ్లీ ట్రైనింగ్ చేస్తే ర్యామ్‌లోకి పరీక్ష డేటా రాయాల్సి వస్తుంది, అంటే లోపలున్నది చెడిపోతుంది. కాబట్టి దాచిన ఫలితం దొరక్కపోతే కోర్‌బూట్‌కి మిగిలిన దారి ఒక్కటే, రీసెట్ చేసుకుని మొదటి నుంచి బూట్ అవడం. మీరు చూస్తున్నది అచ్చంగా ఇదే.

ఇప్పుడు చేయాల్సింది: మామూలుగా బూట్ చేసి, రూట్‌గా కోర్‌బూట్ వాళ్ల సీబీమెమ్ టూల్‌తో కన్సోల్ లాగ్ (బూట్‌లో కోర్‌బూట్ రాసుకున్న సందేశాలు) తీయండి. కెర్నెల్ అడ్డుపడితే కెర్నెల్ బూట్ లైన్‌లో iomem=relaxed పెట్టాలి. లాగ్‌లో ఎమ్మార్సీ కాష్ గురించిన వరుసలు చూడండి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేసి ఇంకోసారి తీయండి. రెండోసారి కూడా కాష్‌లో డేటా లేదని వస్తే రాయడం కుదరట్లేదన్నమాట. అదే టూల్‌తో టైమ్‌స్టాంపులు కూడా తీసి, బాగా పనిచేస్తున్న ఎక్స్230 దానితో పక్కపక్కన పెట్టి చూడండి, ర్యామ్ దగ్గర ఎంత సమయం పోతోందో తెలిసిపోతుంది.

ఇంకో మాట. చిప్‌కి రైట్ ప్రొటెక్షన్, అంటే అందులో ఏమీ రాయకుండా ఆపే లాక్, ఏమైనా పెట్టారా?

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తాను, లాగ్ చూడకుండా రిలీజ్‌ని అనుమానించొద్దు. నేను రెండో ప్రశ్నకి వస్తాను, ఇది నాకు బాగా దగ్గరి విషయం.

కోర్‌బూట్ 1999లో లాస్ అలమోస్ నేషనల్ ల్యాబొరేటరీలో లినక్స్‌బయోస్ పేరుతో మొదలైంది, 2008లో ఈ పేరు వచ్చింది. అంటే పాతికేళ్లు దాటిన కోడ్. ఇన్నేళ్లలో లోపలి నిర్మాణం చాలాసార్లు మారింది, ప్రతి మార్పుకీ కొన్ని బోర్డులు వెనకబడిపోయాయి. అందరికీ గుర్తుండే ఉదాహరణ 2019 నవంబర్‌లో వచ్చిన 4.11. ఆ రిలీజ్ తర్వాత బోర్డు ఉండాలంటే బూట్‌బ్లాక్ (అన్నిటికంటే ముందు నడిచే ముక్క) సీ భాషలో నడవాలి, ర్యామ్ సిద్ధమయ్యాక నడిచే ర్యామ్‌స్టేజ్‌ని ఎక్కడికైనా జరపగలగాలి, పోస్ట్‌కార్ అనే మధ్య దశ ఉండాలి అని ముందుగానే చెప్పి షరతులు పెట్టారు. ఆ షరతులకు తగ్గట్టు కోడ్ మార్చేవాళ్లు దొరకని బోర్డులు మెయిన్ బ్రాంచ్ నుంచి పోయాయి. ఏసస్ కేజీపీఈ-డీ16 వాటిలో ఒకటి. అదేమీ ఎవరూ వాడని బోర్డు కాదు, చాలామంది ప్రేమగా వాడుకునే సర్వర్ బోర్డు. వాడేవాళ్లున్నా పని చేసేవాళ్లు సమయానికి లేకపోయారు. 4.11 బ్రాంచ్‌లో కోడ్ ఇప్పటికీ ఉంది, కానీ ఆ తర్వాత మెయిన్‌లో వచ్చిన మెరుగులు దానికి వాటంతట అవి అందవు, ఎవరో కూర్చుని వెనక్కి తేవాలి.

కాబట్టి వయసు వల్ల బోర్డు పోదండీ. ఉమ్మడి కోడ్ మారినప్పుడు "ఈ బోర్డు మీద పరీక్షించాను, పనిచేస్తోంది" అని చెప్పే మనిషి లేకపోతే పోతుంది. ఎక్స్230 విషయంలో మీరు ఇప్పుడే కంగారు పడనక్కర్లేదు, ఐవీ బ్రిడ్జ్, దాని ముందు తరం శాండీ బ్రిడ్జ్ కోడ్ మీద ఎన్నో బోర్డులు ఆధారపడి ఉన్నాయి, ర్యామ్ ట్రైనింగ్ కూడా కంపెనీ బైనరీ లేకుండా పూర్తిగా ఓపెన్ కోడ్‌తోనే జరుగుతుంది, చూసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎక్స్200 మీద కాస్త ఎక్కువ కన్నేసి ఉంచండి. అందులో ఉండే జీఎం45 చిప్‌సెట్ మెషీన్లు చేతిలో ఉండి, ప్యాచ్ వచ్చిన వారంలో వేసి చూసేవాళ్లు ఏటేటా తగ్గుతున్నారు.

మీరు చేయగలిగింది ఏమిటంటారా, చిప్‌సెట్ కోడ్ రాయనక్కర్లేదు. కోర్‌బూట్ ప్యాచ్‌లన్నీ గెరిట్ అనే రివ్యూ సైట్‌లో అందరికీ కనిపించేలా ఉంటాయి. శాండీ బ్రిడ్జ్ డైరెక్టరీనో జీఎం45 డైరెక్టరీనో తాకే ప్యాచ్ వస్తే ఈమెయిల్ వచ్చేలా పెట్టుకోండి. ప్యాచ్ దించి, బిల్డ్ చేసి, వేసి, ఏమేం చూశారో రాయండి. "పనిచేసింది" అని ఒక్క ముక్క రాస్తే పెద్దగా ఉపయోగం లేదు. కోల్డ్ బూట్, రీబూట్, స్లీప్ నుంచి ఇరవైసార్లు లేవడం, రెండు స్లాట్లలో ర్యామ్, ఒక్కో స్లాట్‌లో విడివిడిగా ర్యామ్, డాక్, బయటి స్క్రీన్, బ్యాటరీ శాతం, వైఫై స్విచ్, ఇలా ఏది చూశారో ఏది చూడలేదో రెండూ రాయాలి. మీ దగ్గర మూడు రకాల ర్యామ్ ఉందన్నారు కదా, ర్యామ్ కోడ్ రాసేవాళ్లకి అది బంగారం లాంటి సంగతి. ఎందుకంటే రాసేవాళ్ల బల్ల మీద సాధారణంగా ఒకటో రెండో మాడ్యూళ్లే ఉంటాయి, మూడోరకం దొరికిన చోటే తేడా బయటపడుతుంది.

సోర్స్‌లోనే బోర్డ్ స్టేటస్ అని ఒక స్క్రిప్ట్ ఉంది, అది లాగ్, టైమ్‌స్టాంపులు, కాన్ఫిగ్ అన్నీ ఒకచోట చేర్చి పంపుతుంది. ఎవరైనా తర్వాత "ఈ బోర్డు చివరిసారి ఎప్పుడు పనిచేసింది" అని వెతికితే మీరు పంపింది దొరుకుతుంది. రిలీజ్‌కి ఒక్కసారి పంపినా చాలు.

అడిగినవారు

జవాబు 1 రాసినవారికి: అవునండీ, రైట్ ప్రొటెక్షన్ పెట్టాను! ఎవరూ సాఫ్ట్‌వేర్‌తో ఫర్మ్‌వేర్ మార్చకూడదని ఫ్లాష్‌రోమ్ (ఫ్లాష్ చిప్‌ని చదివే, రాసే టూల్)తో చిప్ మొత్తం లాక్ చేస్తాను, మొదటి నుంచీ అలవాటు. కానీ ఇదివరకు ఎప్పుడూ స్లీప్ ఇబ్బంది రాలేదే? 4.22 అప్పుడు కూడా లాక్ ఉంది. రేపు రాత్రి లాగ్ తీసి పెడతాను.

జవాబు 3

అన్నా, నేను ఇలాంటివి నాలుగు చూసుకుంటాను, ఫ్లాషింగ్ వైపు నుంచి కొన్ని మాటలు. మెయింటెనెన్స్ అంటే సగం ఇదే.

ఎక్స్230లో రెండు చిప్‌లు ఉంటాయని మీకు తెలిసే ఉంటుంది, స్క్రీన్‌కి దగ్గరగా ఉన్నది 4 ఎంబీ, మనవైపు ఉన్నది 8 ఎంబీ, కలిపి 12 ఎంబీ ఒకే చిప్‌లా కనిపిస్తుంది. 8 ఎంబీ చిప్‌లో డిస్క్రిప్టర్ (ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక), ల్యాన్ సెట్టింగులు, ఇంటెల్ ఎంఈ (చిప్‌సెట్ లోపలి చిన్న కంట్రోలర్‌కి ఇంటెల్ ఇచ్చే ఫర్మ్‌వేర్), బయోస్‌లో కొంత ఉంటాయి. బయోస్ భాగం మొత్తం 7 ఎంబీ, అందులో పై 4 ఎంబీ చిన్న చిప్‌లో పడుతుంది. సీబీఎఫ్ఎస్ (కోర్‌బూట్ తన ఫైళ్లు పెట్టుకునే చోటు) సైజు 4 ఎంబీకి తగ్గించి బిల్డ్ చేస్తే ఆ చిన్న చిప్ ఒక్కటే రాస్తే సరిపోతుంది. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను, పెద్ద చిప్‌ని మొదటిసారి తప్ప మళ్లీ తాకను, తాకకపోతే పాడయ్యే అవకాశమూ ఉండదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మొదట్లో నేను నా సొంత ల్యాప్‌టాప్ నుంచి చదివిన పూర్తి 12 ఎంబీ ఇమేజ్‌నే మా తమ్ముడి దానికీ వేసేశాను. బూట్ అయింది, అంతా బాగుంది అనుకున్నాను. రెండ్రోజుల తర్వాత ఇద్దరం ఒకే స్విచ్‌కి కేబుల్ పెట్టుకుంటే నెట్ ఒకసారి నాకు, ఒకసారి వాడికి, మధ్యలో ఎవరికీ లేదు. సాయంత్రం అంతా కేబుల్ మార్చాం, స్విచ్ మార్చాం. చివరికి చూస్తే రెండిటి మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కో మెషీన్‌కి విడిగా ఉండాల్సిన నంబరు) ఒకటే! ఆ అడ్రస్ ఫ్లాష్‌లో ల్యాన్ కోసం కేటాయించిన 8 కేబీ భాగంలో ఉంటుంది, నాది వాడికి కాపీ చేసేశాను. అదృష్టం కొద్దీ వాడి చిప్ ముందుగా చదివి పెట్టుకున్న ఫైలు ఉంది కాబట్టి ఆ 8 కేబీ వెనక్కి పెట్టగలిగాను. అప్పటి నుంచి ప్రతి మెషీన్ ఒరిజినల్ ఇమేజ్‌కి దాని సీరియల్ నంబరే పేరుగా పెట్టి రెండు చోట్ల దాస్తాను.

చదివేటప్పుడు ఒకసారి చదివి నమ్మొద్దు. రెండుసార్లు చదివి చెక్‌సమ్ పోల్చాలి, తేడా ఉంటే క్లిప్ సరిగా కూర్చోలేదు. క్లిప్ కూర్చుందా లేదా అన్నది చేతికి తెలుస్తుంది, చిప్ కాళ్ల మీద పళ్లు పడ్డప్పుడు కొంచెం పట్టినట్టు ఉంటుంది, వదిలితే ఊగదు. ఊగుతోందంటే తీసి మళ్లీ పెట్టండి. చార్జర్, బ్యాటరీ రెండూ తీసేసి ఉండాలి. ప్రోగ్రామర్, అంటే క్లిప్ ద్వారా చిప్‌లో రాసే పరికరం, విషయంలో ఒక్క జాగ్రత్త, ఈ చిప్‌లు 3.3 వోల్టులవి, చాలామంది వాడే నల్ల సీహెచ్341ఏ బోర్డు డేటా లైన్ల మీద 5 వోల్టులు పంపుతుంది. ఒక్కోసారి పనైపోతుంది గానీ చిప్‌కీ దాని వెనకున్న చిప్‌సెట్‌కీ మంచిది కాదు. రాస్ప్‌బెర్రీ పై పీకోలో సీరియల్ ప్రోగ్రామర్ ఫర్మ్‌వేర్ వేసుకుంటే 3.3 వోల్టులే వస్తాయి, నేను దానికే మారిపోయాను.

ఇంకొకటి, కోర్‌బూట్ వేయని కొత్త మెషీన్ ఎవరైనా తెస్తే ముందు కంపెనీ బయోస్‌తోనే ఈసీ ఫర్మ్‌వేర్‌ని చివరి వెర్షన్‌కి అప్‌డేట్ చేయండి. కీబోర్డు, ఫ్యాన్, బ్యాటరీ చార్జింగ్ చూసే ఆ చిన్న కంట్రోలర్‌కి సొంత ఫర్మ్‌వేర్ ఉంటుంది, థింక్‌ప్యాడ్‌లలో కోర్‌బూట్ దాన్ని తాకదు. ఒకసారి కోర్‌బూట్‌కి మారిపోయాక ఈసీ అప్‌డేట్ కావాలంటే మళ్లీ వెనక్కి వెళ్లాల్సిందే.

జవాబు 4

మూడో ప్రశ్న ఎవరూ తీసుకోలేదు, నేను చెబుతాను. నా అభిప్రాయం గట్టిగానే ఉంటుంది.

ప్రతి రిలీజ్ వేయనక్కర్లేదు. కానీ "పనిచేస్తోంది కదా వదిలేద్దాం" అని నాలుగేళ్లు వదిలేస్తే ఆ తర్వాత ఒకేసారి దూకాల్సి వస్తుంది, అప్పుడు ఏదైనా తేడా వస్తే వేల కమిట్లలో వెతకాలి. తేడా తెచ్చిన కమిట్‌ని వెతికే గిట్ బైసెక్ట్ సగం సగం చేసుకుంటూ వెళ్తుంది కాబట్టి వెయ్యి కమిట్లైతే పది ప్రయత్నాలు, నాలుగు వేలైతే పన్నెండు, లెక్కలో పెద్ద తేడా లేదు. అసలు బాధ వేరే, మధ్యలో కంపైలర్ టూల్‌చెయిన్ మారిపోతుంది, ఆప్షన్ల పేర్లు మారిపోతాయి, పాత కమిట్లు బిల్డ్ కూడా కావు. నేనైతే ఏడాదికి రెండు రిలీజ్‌లు నా సొంత మెషీన్ మీద వేసి నెల రోజులు వాడి, వాటిలో ఒకటే అందరికీ వేస్తాను. కాన్ఫిగ్ ఫైలు మొత్తం మోసుకెళ్లొద్దు, డిఫాల్ట్‌కి తేడా ఉన్న వరుసలు మాత్రమే ఉండే చిన్న డెఫ్‌కాన్ఫిగ్ సేవ్ చేసి గిట్‌లో పెట్టండి, పేరు మారిన ఆప్షన్ ఏదో అప్పుడు ఇట్టే కనిపిస్తుంది. ఏ ల్యాప్‌టాప్‌లో ఏ బిల్డ్ ఉందో మర్చిపోయినా గాభరా వద్దు, ఇమేజ్ లోపలే కాన్ఫిగ్, రివిజన్ రెండూ ఉంటాయి, సీబీఎఫ్ఎస్‌టూల్‌తో బయటికి తీయొచ్చు.

తప్పకుండా అప్‌డేట్ చేయాల్సిన సందర్భం ఒకటుంది, మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ లోపలి లోపాలు సరిచేయడానికి ఇంటెల్ ఇచ్చే బైనరీ ఫైలు. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ భద్రతా లోపాలు బయటికొచ్చాక ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్లకు ఇంటెల్ కొత్త మైక్రోకోడ్ ఇచ్చింది. మీ ఎక్స్230, టీ430 బిల్డ్‌లలో అది చేర్చారో లేదో చూసుకోండి, లినక్స్ కూడా బూట్‌లో వేస్తుంది గానీ ఫర్మ్‌వేర్ దశలోనే పడితే మేలు. ఎక్స్200లో ఉన్న పెన్రిన్ ప్రాసెసర్లకు మాత్రం ఆ ప్యాచ్ పని ఆపేస్తున్నట్టు 2018 ఏప్రిల్‌లోనే ఇంటెల్ తన జాబితాలో ప్రకటించింది. అంటే ఎక్స్200 వాడే మనిషికి మీరు నిజం చెప్పాలి, బ్రౌజర్‌నీ కెర్నెల్‌నీ ఎప్పటికప్పుడు కొత్తవి ఉంచుకోవాలి, ఫర్మ్‌వేర్ మార్చడం వల్ల ఆ లోటు తీరదు అని. బదులుగా దానికి ఒక సుగుణం ఉంది, జీఎం45లో ఇంటెల్ ఎంఈని ఫ్లాష్‌లోంచి పూర్తిగా తీసేసినా మెషీన్ నడుస్తుంది. ఎక్స్230లో అలా కుదరదు, ఎంఈ క్లీనర్ అనే టూల్‌తో చాలా భాగం కోసేయొచ్చు గానీ మొదలుపెట్టే చిన్న ముక్క ఉండాలి, అది కూడా లేకపోతే అరగంటకి మెషీన్ ఆగిపోతుంది.

ఈ మైక్రోకోడ్ మీద పెద్ద సిద్ధాంత చర్చ ఉంది, తెలిసే ఉంటుంది. కోర్‌బూట్ ఆధారంగా నడిచే లిబ్రేబూట్ ప్రాజెక్టు మొదట్లో సోర్స్ లేని ఒక్క బైనరీ కూడా ఒప్పుకునేది కాదు, 2022 నవంబర్‌లో దారి మార్చి, తప్పనిసరైనవి వీలైనంత తగ్గించి ఉంచుదాం అంది. పాత దారిలోనే ఉందామనుకున్నవాళ్లకి జీఎన్‌యూ బూట్, కనూబూట్ అనే ప్రాజెక్టులు ఉన్నాయి. రెండు వైపుల వాదనా నాకు అర్థమవుతుంది. కానీ మైక్రోకోడ్ ఫైలు వేయకపోయినా ప్రాసెసర్ లోపల దాని పాత వెర్షన్ ఎలాగూ ఉంది, ఫ్యాక్టరీలో పోసినది, దాన్నీ మనం చదవలేం. చదవలేనిది రెండుచోట్లా ఉన్నప్పుడు లోపాలు సరిచేసిన దాన్నే నేను ఎంచుకుంటాను, ముఖ్యంగా అది చదువుకునే పిల్లాడి ల్యాప్‌టాప్ అయినప్పుడు.

అడిగినవారు

దొరికింది! తప్పు పూర్తిగా నాదే, రిలీజ్‌ది కాదు.

లాగ్ తీశాను. మొదటి బూట్‌లో కాష్‌లో డేటా లేదని ఉంది, ట్రైనింగ్ మొత్తం చేసింది. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే, డేటా లేదు, మళ్లీ మొత్తం ట్రైనింగ్. బాగా పనిచేస్తున్న ఎక్స్230లో రెండో బూట్ నుంచి దాచినది వాడినట్టు వస్తోంది.

మరి లాక్ ఇదివరకూ ఉంది కదా, అప్పుడెందుకు రాలేదు అని రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఇదివరకు నేను చేసే పద్ధతి ఏమిటంటే, క్లిప్‌తో రాసి, పామ్‌రెస్ట్ బిగించకుండానే ఒకసారి బూట్ చేసి స్క్రీన్ వస్తోందా లేదా చూసి, మళ్లీ చార్జర్ తీసి క్లిప్ పెట్టి లాక్ చేసేవాడిని. ఆ మధ్యలో చూసిన ఒక్క బూట్‌లోనే ట్రైనింగ్ ఫలితం చిప్‌లో రాసుకునేదన్నమాట, ఆ తర్వాత లాక్ పడేది. ఈసారి రెండుసార్లు క్లిప్ పెట్టడం ఎందుకని స్క్రిప్ట్ రాసుకున్నాను, చెరపడం, రాయడం, సరిచూడడం, లాక్ చేయడం అన్నీ వరుసగా ఒకేసారి. కాష్ ఖాళీగా ఉండగానే తలుపు వేసేశాను. ఆ స్క్రిప్ట్ నా దాని మీదే మొదటిసారి వాడాను, మిగతా రెండూ వాటి యజమానులు పక్కన కూర్చుని చూస్తుంటే పాత పద్ధతిలో చేతితోనే చేశాను. అందుకే అవి లేస్తున్నాయి! ర్యామ్ కంపెనీకీ దీనికీ సంబంధమే లేదు.

లాక్ తీసేసి, ఒకసారి బూట్ చేసి, స్లీప్‌లో పెట్టి లేపాను. లేచింది. ఇరవైసార్లు లేపాను, ఇరవైసార్లూ టెర్మినల్ వదిలిన చోటే ఉంది. ఎంత ప్రాణం లేచొచ్చిందో చెప్పలేను.

ఒక చిన్న సందేహం మిగిలింది. ఇప్పుడు పాత పద్ధతిలోనే లాక్ చేయనా, లేక లాక్ మానేయనా?

జవాబు 1

సంతోషం అండీ, ఇలా మొదటి నుంచి చివరిదాకా రాసినందుకు కూడా. వెతుక్కుంటూ వచ్చే ఇంకొకరికి ఇది చాలా పనికొస్తుంది.

పాత పద్ధతి కూడా వద్దు. అందులోనూ ఒక గొయ్యి ఉంది, ఇంతవరకు మీరు అందులో పడలేదు అంతే. కాష్ రాసుకున్నాక లాక్ చేశారనుకోండి, ఏడాది తర్వాత ఎవరైనా 4 జీబీ ర్యామ్ తీసి 8 జీబీ పెట్టుకుంటే? మాడ్యూల్ మారిందని కోర్‌బూట్ గుర్తుపట్టి కొత్తగా ట్రైనింగ్ చేస్తుంది, దాన్ని రాయబోతే చిప్ ఒప్పుకోదు, మళ్లీ స్లీప్ పోతుంది. ర్యామ్ పెంచుకున్న మనిషి ఫర్మ్‌వేర్‌ని అనుమానించడు, కొత్త ర్యామ్ బాగోలేదని దాన్ని వెనక్కిచ్చేస్తాడు.

చిప్ మొత్తం కాకుండా కొంత భాగమే లాక్ చేయొచ్చు. అయితే చిప్ లోపలి లాక్ మీరు చెప్పిన ఏ చోటికైనా పడదు, పైనుంచి గానీ కిందనుంచి గానీ సగం, పావు, అందులో సగం, ఇలా కొన్ని పరిధులే కుదురుతాయి. మీ చిప్‌కి ఏవి కుదురుతాయో ఫ్లాష్‌రోమ్‌నే అడిగితే జాబితా ఇస్తుంది. మీ ఇమేజ్ ఎఫ్‌మ్యాప్ (ఫ్లాష్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే కోర్‌బూట్ పట్టిక) తీసి కాష్ ఏ ఆఫ్‌సెట్‌లో ఉందో చూడండి. మామూలు లేఅవుట్‌లో అది బయోస్ భాగం మొదట్లో, అంటే కిందవైపు ఉంటుంది. బూట్‌బ్లాక్ చిట్టచివర, పైన ఉంటుంది. కాబట్టి పై సగం లాక్ చేసి కింద సగం వదిలితే కాష్‌కి దారి ఉంటుంది. కానీ పేలోడ్ కింద సగంలో పడిందేమో చూసుకోవాలి, పడితే లాక్ వల్ల మీరు కోరుకున్న రక్షణ సగమే దొరికినట్టు. అవసరమైతే సొంత ఎఫ్‌మ్యాప్ ఫైలు రాసి కాష్‌ని కింద ఒంటరిగా పెట్టి, మిగతా అంతా పైకి సర్దుకోవచ్చు, 4 ఎంబీలో సీబయోస్‌కి చోటు ధారాళంగా సరిపోతుంది.

స్క్రిప్ట్ పారేయకండి. రాయడం దాకా ఉంచి, లాక్‌ని వేరే స్క్రిప్ట్‌గా విడదీసి, అది మొదలయ్యే ముందు చిప్ చదివి కాష్ ఉన్న చోట అంతా ఎఫ్ఎఫ్‌లే (అంటే ఖాళీగానే) ఉంటే ఆగిపోయేలా ఒక వరుస పెట్టండి. అది చేశాక మిగిలిన ఆరింటికీ వేయొచ్చు. ఎక్స్200ని ఆఖరున పెట్టుకోండి, దాని లాగ్ మాత్రం బోర్డ్ స్టేటస్‌కి తప్పకుండా పంపండి.

అడిగినవారు

ఎఫ్‌మ్యాప్ చూశాను, మీరన్నట్టే కాష్ కిందే ఉంది, సీబయోస్ కూడా దాని పక్కనే పడింది. ఈ వారాంతంలో సొంత లేఅవుట్ రాసి నా దాని మీద వేసి, వేరే ర్యామ్ పెట్టి కూడా లేపి చూస్తాను. ఎక్స్200 యజమానిని అడిగాను, ఆదివారం తెస్తానన్నారు. గెరిట్‌లో అకౌంట్ కూడా తెరిచాను, జీఎం45 డైరెక్టరీకి ఈమెయిల్ పెట్టుకున్నాను.